ఫొటోలమ్మ లెన్సు

ఆ ఇంట్లో పొద్దుటి మొదటి గొడవ ఎప్పుడూ బాత్రూమ్ గురించే. కొడుకు ఏడున్నరకల్లా ఆసుపత్రి మందుల కౌంటరులో ఉండాలి. తండ్రి పెద్దమేస్త్రికి వెళ్ళాల్సిన చోటంటూ ఏదీ లేకపోయినా ఏడింటికి స్నానం అయిపోవాలి. ఆ బుధవారం కూడా తండ్రీకొడుకులు భుజాల మీద తువ్వాళ్ళు వేసుకొని నువ్వా నేనా అని తలుపు దగ్గర నిలబడి ఉండగా, ఇంటావిడ ఫొటోలమ్మ వంటగదిలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, ముందుగదిలో కోడలి పనిబల్ల మీద ఒక చిన్న గుడ్డమూట పెట్టింది.

"దీన్ని బాగుచెయ్యమ్మాయ్. ఆదివారానికి కావాలి."

కోడలు మూట విప్పింది. లోపల పాతకాలపు కెమెరా లెన్సు, నల్లగా, బరువుగా, అరచేతిలో పట్టేంత ఉంది. వెనకవైపు మీట నొక్కి చూసింది. లోపల గుండ్రంగా అమర్చిన ఎనిమిది సన్నటి రేకులు ఆ మీట నొక్కగానే టక్కున మూసుకొని మధ్యలో చిన్న కన్నం మిగల్చాలి. లోపలికి ఎంత వెలుగు వెళ్ళాలో తేల్చేది ఆ కన్నమే. ఈ లెన్సులో రేకులు ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉన్నాయి.

"అదెక్కణ్ణించి తీశావు?" బాత్రూమ్ సంగతి మరిచిపోయి పెద్దమేస్త్రి గుమ్మం దాకా వచ్చేశాడు. చూపు మసకబారినా మీట చప్పుడు వింటే చాలు, ఏ లెన్సో ఆయన చెప్పేయగలడు.

"నా అలమారలోంచే తీశాను. ఫైర్ స్టేషను పెద్దాయన వచ్చి అడిగాడు. ఈ నెలతో ఆయన ఉద్యోగం అయిపోతుందట. చేరిన ఏడు నేను తీసిన గ్రూపు ఫొటోలాంటిదే మళ్ళీ కావాలన్నాడు. అదే గోడ, అదే వరస, అదే చెయ్యి. వస్తానన్నాను."

"నన్నొక మాట అడగాలనిపించలేదా?"

"అనిపించలేదు."

"ఆ లెన్సు మళ్ళీ మొండికేస్తుంది. ఇరవై మూడేళ్ళ కింద అయింది చాలదా? నలుగురూ నవ్వుతారు."

"నవ్వనివ్వండి. పళ్ళు వాళ్ళవి."

"సరే, ఇటివ్వు. కనీసం ఒకసారి నేను చూస్తాను."

ఫొటోలమ్మ కోడలి చేతిలోని లెన్సు మీద తన చెయ్యి అడ్డం పెట్టింది. "మీరు చూసింది చాలు. ఐదుసార్లు చూశారు. ఈసారి మీ చెయ్యి పడ్డానికి వీల్లేదు."

ఆ సందు చూసుకొని కొడుకు బాత్రూమ్‌లో దూరి గొళ్ళెం పెట్టుకున్నాడు. ఇంట్లో ఎప్పుడు నిప్పు రాజుకున్నా అతను చేసే పని అదే.

పెద్దమేస్త్రి నలభై ఏళ్ళు ఆ ముందుగదిలో కూర్చొని లెన్సులు బాగుచేసినవాడు. ఎక్కడెక్కడి నుంచో పార్సిళ్ళు వచ్చేవి. కళ్ళలో పొరలు తీయించుకున్నా సన్నటి పనికి చూపు ఆనకపోవడంతో, నాలుగేళ్ళ కిందట పనిబల్లను కోడలికి అప్పగించాడు. కుట్టుమిషన్లు బాగుచేసే ఇంట పుట్టిన పిల్ల ఆమె. స్క్రూడ్రైవరు పట్టుకోవడం ఒకరు నేర్పాల్సిన పని లేదు. వచ్చేపోయేవాళ్ళు ఆమెను చిన్నమేస్త్రి అంటుంటే ఆయనకు లోలోపల భలే సంబరం.

ఇక ఫొటోలమ్మ. ఒకప్పుడు రెండు వీధుల అవతల ఆవిడకు సొంత స్టూడియో ఉండేది. బడిపిల్లల ఫొటోలు, నర్సుల ఫొటోలు, ఫైర్ స్టేషను ఫొటోలు అన్నీ ఆవిడవే. ఆ పేరు అప్పుడు వచ్చిందే. ఇరవై మూడేళ్ళ కిందట ఒక చలికాలం పొద్దున టీచర్ల ట్రైనింగ్ కాలేజీలో నూట నలభై మందిని ఐదు వరసల్లో నిలబెట్టి ఫొటో తీసింది. మధ్యాహ్నానికి కడిగి తెస్తే తీసిన ప్రతిదీ తెల్లటి తెలుపు, ముఖాల్లేవు. రేకులు టైముకు మూసుకోక వెలుగంతా లోపలికి కొట్టేసింది. అప్పటికే సగం మంది ఊళ్ళకు వెళ్ళిపోయారు. ప్రిన్సిపాలు వరండాలో అందరి ముందూ నిప్పులు చెరిగాడు. భార్యకు సాయంగా వెళ్ళిన పెద్దమేస్త్రి అక్కడే మీట నాలుగుసార్లు నొక్కి చూసి, "వస్తువు బాగానే ఉంది, వాడే చేతులే బాగాలేవు" అనేశాడు. మరుసటి నెల స్టూడియోకు తాళం పడింది. ఆ తర్వాత ఆ ఇంట్లో గ్లాసు జారినా, గిన్నె మాడినా "చేతులా అవి!" అనేది ఆయనకు ఊతపదం అయిపోయింది. ఎగతాళిగానే అనేవాడు. అనేవాడికి ఎగతాళిగానే ఉంటుంది మరి.

కొడుకు డ్యూటీకి, పెద్దమేస్త్రి ముఖం గంటు పెట్టుకొని పార్కుకు వెళ్ళాక, కోడలు పనిలోకి దిగింది. అత్తగారు కుర్చీ తెచ్చుకొని పక్కనే కూర్చుంది.

"నేను చూస్తే నీకు ఇబ్బందా?"

"లేదత్తయ్యా. ఊపిరి మాత్రం కాస్త మెల్లగా వదలండి, స్క్రూలు ఎగిరిపోతాయి."

ఫొటోలమ్మ నిజంగానే చున్నీ అంచు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. కోడలు ముందుభాగం రింగు తిప్పి తీసి, గాజుముక్కల్ని ఒక్కొక్కటిగా మెత్తటి గుడ్డ మీద పరిచింది. రేకుల్ని బిగించి ఉంచే రింగు దగ్గరికి వచ్చాక కంటికి భూతద్దం తగిలించుకొని గొట్టం లోపలికి చూసింది. లోపలి గోడ మీద సూదితో గీసిన సన్నటి అంకెలు కనిపించాయి. లెన్సు విప్పిన ప్రతి మేస్త్రీ లోపల తేదీ గీసి, పక్కన తన గుర్తు పెట్టడం ఆ పనిలో ఆనవాయితీ. రేపు ఇంకెవరో విప్పితే ముందు ఎవరి చెయ్యి పడిందో తెలియాలి. వేరేవాళ్ళకు అది కనిపించదు, అక్కర్లేదు కూడా.

"ఏంటది, ఏదో చదువుతున్నావు?"

"మామయ్య గీసిన తేదీలు."

"పైకి చదువు."

కోడలు ఏమీ ఆలోచించకుండా ఐదూ చదివింది. ఐదో తేదీ వినగానే ఫొటోలమ్మ ముక్కు మీది చున్నీ తీసేసింది.

"అది కాలేజీ ఫొటోకు పదకొండు రోజుల ముందు," అంది. "అంటే పదకొండు రోజుల ముందు బాగుచేసిన లెన్సును నేను పాడుచేశానన్న మాట." రేకుల మీద నల్లగా, అంటులా మెరుస్తున్న జిడ్డు ఆవిడ కంటికి కూడా కనిపిస్తోంది. "ఇదేంటి, ఈ మడ్డి?"

ఆ మడ్డి ఏమిటో కోడలికి బాగా తెలుసు.

పెద్దమేస్త్రికి తన గురువు నేర్పిన పద్ధతి ఒకటుంది. రేకుల్ని పెట్రోలుతో కడిగి, ఆరబెట్టి, అమర్చాక, ఆఖర్న సూదిమొనతో ఒకే ఒక్క చుక్క నూనె. దాంతో రేకులు పట్టులా జారతాయని ఆయన నమ్మకం. జారతాయి కూడా, ఆ గదిలో, ఆ పూటకు. తర్వాత ఆ చుక్క రేకు నుంచి రేకుకు పాకుతుంది. చలికి చిక్కబడి రేకుల్ని బద్ధకంగా కదిలిస్తుంది. వాడకుండా పడి ఉంటే, ఏళ్ళు గడిచాక బంకలా మారి అసలే కదలనివ్వదు. బల్ల చేతికి రాకముందు, పని నేర్చుకునే రోజుల్లో కోడలు ఒక లెన్సుకు చుక్క వెయ్యడం మరిచిపోయింది. ఏడాది తర్వాత అది వేరే మరమ్మతుకు వస్తే రేకులు కొత్తవాటిలా టక్కుటక్కుమన్నాయి. పక్కనే రెండో పార్సిలులో వచ్చిన మామగారి పాత పనిలో రేకులు అతుక్కుపోయి ఉన్నాయి. కుట్టుమిషనుకు నూనె ప్రాణం, వీటికి విషం అని ఆమెకు ఆ రోజే అర్థమైంది. అప్పట్నుంచీ చుక్క మానేసింది. రోజూ సాయంత్రం ఆయన "చుక్క వేశావా?" అంటాడు. "వేశాను మామయ్యా" అంటుంది. నాలుగేళ్ళుగా ఇంట్లో ఆ ఒక్క అబద్ధం హాయిగా సాగిపోతోంది.

"పాత లెన్సు కదత్తయ్యా," అంది ఇప్పుడు కూడా. "పాతవాటిలో ఉంటుంది."

ఫొటోలమ్మ తల ఊపింది. "అంతే అయ్యుంటుంది. నేనే తడిగదిలో పెట్టి ఉంటాను. ఆయన అప్పుడే అన్నాడు."

ఆ మాట ఆవిడ ఎంత మామూలుగా అందంటే, కోడలికి కూర్చున్న కుర్చీలో ఉండబుద్ధి కాలేదు. భూతద్దం తీసి బల్ల మీద పెట్టేసింది.

"కాదత్తయ్యా. తడికి రాదు ఇది. నూనె. మామయ్య వేసిందే." మొదలుపెట్టాక ఆగలేదు. చుక్క సంగతి, చలి సంగతి, తను మానేసిన సంగతి అన్నీ చెప్పేసింది.

ఫొటోలమ్మ చాలాసేపు రేకుల వంకే చూసింది. ఏడుస్తుందేమో అనుకుంది కోడలు. ఏడవలేదు.

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"నాలుగేళ్ళు."

"నాలుగేళ్ళు! ఆయన 'చేతులా అవి' అన్నప్పుడల్లా నువ్వు ఇదే బల్ల దగ్గర కూర్చొని ఉన్నావు."

"మీ లెన్సుకూ అదే జరిగిందని నేననుకోలేదత్తయ్యా…"

"అనుకోలేదా, అనుకోవడం ఇష్టం లేదా?"

నిజమే, ఎప్పుడో ఒకసారి కోడలికి ఆ అనుమానం వచ్చింది. పెద్దాయన మనసు కష్టపెట్టడం ఎందుకులే, ఎప్పటి సంగతో కదా అని పక్కకు తోసేసింది. ఆ పక్కకు తోసింది ఎవరి మీద పడిందో చూసుకోలేదు.

"నాదే తప్పు," అంది.

"నీదీ తప్పే," అంది ఫొటోలమ్మ లేస్తూ. "నీ సంగతి తర్వాత చూస్తాను. ముందు ఆయన్ని రానీ."

సాయంత్రం పెద్దమేస్త్రి వచ్చి చెప్పులు విడుస్తూ, అలవాటు చొప్పున ముందుగదిలోకి తల పెట్టాడు. పొద్దుటి కోపం ఇంకా ఉన్నా పని సంగతి అడక్కుండా ఉండలేడు.

"ఏమ్మా చిన్నమేస్త్రీ, పొద్దున పార్సిలులో వచ్చిందానికి చుక్క వేశావా?"

"వెయ్యలేదు మామయ్యా," అంది కోడలు. "నాలుగేళ్ళుగా దేనికీ వెయ్యలేదు."

ఆయన ముందు నవ్వాడు. పరాచికం అనుకున్నాడు. ఆమె నవ్వకపోయేసరికి ముఖం ఎర్రబడింది.

"నా బల్ల మీద కూర్చొని, నా పేరు చెప్పుకొని, నా పద్ధతినే మార్చావా? నా గురువు చేత్తో నేర్పిన పని అది! నీ నాలుగేళ్ళెంత, నా నలభై ఏళ్ళెంత? చుక్క వల్లే కదా నీ పని ఒక్కటీ తిరిగి రాలేదని ఊరంతా చెప్పుకున్నాను!"

"చుక్క వెయ్యకపోవడం వల్ల రాలేదు మామయ్యా. తిరిగొచ్చినవన్నీ మీవే."

అప్పుడే ఇంట్లో అడుగుపెట్టిన కొడుకు, టిఫిను డబ్బా చేతిలో అలాగే ఉండగా, "నాన్నా, కాస్త కూర్చోండి, బీపీ…" అన్నాడు. భార్య వైపు తిరిగి, "నువ్వయినా తగ్గొచ్చుగా," అన్నాడు.

"తగ్గను," అంది ఆమె. "తగ్గి తగ్గి అత్తయ్యను ఇక్కడికి తెచ్చాను."

"దానికీ దీనికీ సంబంధం ఏంటి?" అని అరిచాడు పెద్దమేస్త్రి.

"ఉంది. మీ చేత్తో చేసిన లెన్సు ఒకటి ఇవ్వండి. మీకు బాగా నమ్మకం ఉన్నది. నేను చేసింది ఒకటి తెస్తాను. రెండూ ఫ్రిజ్‌లో పెడదాం. అరగంట. తర్వాత మీరే చెప్పండి."

ఆయనకు పౌరుషం పొడుచుకొచ్చింది. అద్దాల బీరువా తెరిచి, చూపు తగ్గకముందు తను బాగుచేసిన ఆఖరి లెన్సు తీశాడు. ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా, తనొక్కడే తరచూ మీట నొక్కి వినే వస్తువు అది. దాన్ని ఫ్రిజ్‌లో పాలగిన్నె పక్కన తనే పెట్టి, కోడలు తనది కూడా పెట్టాక తలుపు వేశాడు. ఇంక చూడాలి, నలుగురు పెద్ద మనుషులు వంటగదిలో ఫ్రిజ్ చుట్టూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా నిలబడటం. కొడుకు మధ్యలో మంచినీళ్ళ కోసం తలుపు మీద చెయ్యి వేస్తే ముగ్గురూ ఒకేసారి "ముట్టుకోకు!" అన్నారు.

అరగంట తర్వాత రెండు లెన్సులూ బయటికి వచ్చాయి. కోడలు తను చేసినదాన్ని ఆయన చెవి దగ్గర పెట్టి మీట నొక్కింది. టక్. మళ్ళీ నొక్కింది. టక్. తర్వాత ఆయనదే ఆయన చేతికి ఇచ్చింది. పెద్దమేస్త్రి తనే నొక్కుకున్నాడు. మీట శబ్దం వచ్చింది. ఒక క్షణం ఏమీ లేదు. ఆ తర్వాత ఎప్పటికో, రేకులు మెల్లగా జారిన సవ్వడి. నలభై ఏళ్ళు లెన్సుల చప్పుళ్ళతో బతికిన చెవికి ఇంకొకరు విడమరిచి చెప్పాల్సిన పని లేదు. మళ్ళీ నొక్కాడు. ఇంకోసారి నొక్కాడు. ప్రతిసారీ అదే ఆలస్యం.

"ఈ గదిలో ఎప్పుడూ బాగానే పలికేదే," అన్నాడు చివరికి.

"కాలేజీ ఈ గదిలో లేదుగా," అంది ఫొటోలమ్మ. "బయట మంచులో ఉంది. మీరు మీట నొక్కి చూసేసరికి ఎండెక్కింది."

ఆయన ఫ్రిజ్ పక్కనున్న ముక్కాలిపీట మీద కూలబడ్డాడు. "నాకు తెలీదు. ఒట్టు. తెలిసి చేస్తానా?"

"తెలిసి చేశారని నేననలేదు. తెలియకపోవడం ఎవరికైనా ఉంటుంది. తెలియకుండానే తీర్పు చెప్పేశారే, దానికే నాకు కడుపు మండింది. ఇరవై మూడేళ్ళు నేను నా చేతుల్నే అనుమానించాను. గ్లాసు పట్టుకున్నా జారుతుందేమో అని భయపడుతూ పట్టుకున్నాను. పదిమందిలో అన్నారు, పదిమందిలోనే చెప్పండి. అప్పటిదాకా నాతో మాట్లాడకండి."

"అమ్మా, ఈ వయసులో నాన్నను నలుగురి ముందూ…" అన్నాడు కొడుకు.

"నన్ను అన్నప్పుడు నాకు నీ వయసు. అప్పుడు ఎవరైనా అడ్డం వచ్చారా?"

కొడుకు బాత్రూమ్ వైపు చూశాడు. వెళ్ళలేదు. తల్లి పక్కకు వచ్చి నిలబడ్డాడు.

శుక్రవారం కోడలు ఎనిమిది రేకుల్నీ విడదీసి, లైటర్లలో పోసే పెట్రోలులో ముంచి, మెత్తటి కాగితం మధ్య పెట్టి జిడ్డు వదిలేదాకా అద్దింది. శనివారం అమర్చడం మొదలుపెట్టింది. ఏడు రేకులూ ఒకదాని మీద ఒకటి బుద్ధిగా పడుకున్నాయి. ఎనిమిదోదానితోనే పేచీ. దాని కొస మొదటి రేకు కిందికి దూరాలి. ఆ ఒక్కదాన్ని పైకెత్తబోతే మిగతావన్నీ చెదిరిపోతాయి. రెండుసార్లు చెదిరాయి. మూడోసారి పక్కనుంచి ఎవరో టేబుల్ లైటు వంచి సరిగ్గా కావలసిన చోటికి వెలుగు తెచ్చారు.

"నీ మీద కోపం పోలేదు," అంది ఫొటోలమ్మ. "లైటు మాత్రం పడతాను."

"అంతే చాలత్తయ్యా."

ఎనిమిదో రేకు కూర్చుంది. పొడిపొడిగా, ఏ చుక్కా లేకుండా మీట పలికింది. పక్కగదిలో పడుకున్న పెద్దమేస్త్రికి ఆ చప్పుడు వినిపించే ఉంటుంది. ఆయన మంచం ఒకసారి కిర్రుమంది. మూడు రోజులుగా ఆయన ఎవరితోనూ మాట్లాడటం లేదు. భోజనానికి వస్తున్నాడు, తింటున్నాడు, పళ్ళెం తనే కడిగి పెడుతున్నాడు.

ఆదివారం పొద్దున మంచు ఇంకా విడలేదు. ఫైర్ స్టేషను ముందు ముప్పై రెండు మంది యూనిఫారాలు సర్దుకుంటూ మూడు వరసల్లో నిలబడ్డారు. ఫొటోలమ్మ ఒంగి కెమెరా స్టాండు కాళ్ళు బిగించింది. వరసల్ని ఎడాపెడా సవరించింది. "ఆ చివరాయన, బొజ్జ లోపలికి! ఇంకా! అంతేనా? సరే, రెండో వరసలోకి పో." అందరూ గొల్లుమన్నారు. అత్తగారి గొంతు అంత గట్టిగా పలకడం కోడలు ఇదే మొదటిసారి వినడం. పక్కన నిలబడ్డ భర్త ముఖంలోనూ అదే ఆశ్చర్యం.

అంతలో గేటు దగ్గర పెద్దమేస్త్రి కనిపించాడు. ఎవరూ పిలవలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకొని, తల నున్నగా దువ్వుకొని, మసక చూపుతో గోడను తడుముకుంటూ నడిచి వచ్చాడు. నేరుగా వరసల ముందుకు వచ్చి ఆగాడు.

"ఒక్క నిమిషం," అన్నాడు. "నేను ఈవిడ భర్తను. లెన్సులు బాగుచేసేవాణ్ణి. మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది, ట్రైనింగ్ కాలేజీ ఫొటో పాడైంది. వాడిన చేతులు బాగాలేవని అప్పుడు నేనే అందరి ముందూ అన్నాను." ఒకసారి దగ్గి గొంతు సరిచేసుకున్నాడు. "అబద్ధం. చేతులు బాగున్నాయి. బాగాలేంది నా పని. రేకులకు పొయ్యకూడని నూనె నేను పోశాను. ఆ నూనె వల్లే ఫొటో పోయింది, ఆ ఫొటో వల్లే ఈవిడ స్టూడియో పోయింది. ఇది నా కోడలు కనిపెట్టింది. నేను కనిపెట్టలేదు. అంతే. చెప్పాలనిపించింది… కాదు, చెప్పాలి కాబట్టి చెప్పాను."

పెద్దమేస్త్రి చేతులు కట్టుకొని తల దించుకొని అక్కడే నిలబడిపోయాడు. ఎటు వెళ్ళాలో ఆయనకు తెలిసినట్టు లేదు.

ఫొటోలమ్మ కెమెరా వెనకనుంచి తల ఎత్తింది.

"చెప్పడం అయిందా?"

"అయింది."

"అయితే ఇటు వచ్చి నా పక్కన నిలబడండి. ముందువరస మొత్తం కప్పేశారు."

నవ్వులు లేచాయి. ఆయన గబగబా నడవబోయి తడబడితే కొడుకు వెళ్ళి చెయ్యి పట్టుకొని తీసుకొచ్చాడు. ఫొటోలమ్మ మళ్ళీ కెమెరాకు కన్ను ఆనించింది. వేలు మీట మీద పెట్టింది. నొక్కలేదు. ఆవిడ భుజాలు కదులుతున్నాయి. కోడలు దగ్గరికి వెళ్ళి చూస్తే, అత్తగారి చెంపల మీదుగా నీళ్ళు ధారగా కారి కెమెరా మీద పడుతున్నాయి. కోడలు తన చున్నీతో కెమెరాను తుడిచింది. తర్వాత అత్తగారి ముఖం తుడిచింది. ఆవిడ వద్దనలేదు. కోడలి మణికట్టు పట్టుకొని కాసేపు అలాగే ఉంచుకుంది.

వరసల్లో చలికి కాళ్ళు కదిపారు ఎవరో. ఎవరో దగ్గారు. ఇంకెవరో "అయిపోయిందా?" అని గుసగుసగా అడిగారు.

"కదలకండి!" అన్నాడు పెద్దమేస్త్రి, మసక కళ్ళు వరసల వైపు పెట్టి. "ఆవిడ చెప్పేదాకా ఒక్కరూ కదలడానికి వీల్లేదు."

ముప్పై రెండు మందీ బిగుసుకొని నిలబడ్డారు. ఫొటోలమ్మ కళ్ళు తుడుచుకోవడానికి ఎంతసేపు కావాలో అంతసేపు తీసుకుంది.